కండ బలము – తల భద్రము

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే బంతాట కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తుతూ, ఒకరినొకరు ఢీకొని పడగొట్టే ఆట. 1960లో ఫిలడెల్ఫియా జట్టును గెలిపించిన చక్ బెడ్నారిక్, ఆటలు లేని నెలల్లో కాంక్రీటు అమ్మి కుటుంబాన్ని పోషించుకొనేవాడు. నేటి ఆటగానికి ఏడాది పొడవునా సాధనే పని. బరువులెత్తించడానికొకరు, ఆహారం చెప్పడానికొకరు ఉంటారు. ముందువరుసలో 136 కిలోలు దాటినవారు సాధారణమే.

అయితే సాధన కండను పెంచగలదు గాని పుర్రెలోని మెదడును గట్టిపరచలేదు. పిట్స్‌బర్గ్ జట్టులో నాలుగుసార్లు సూపర్ బౌల్ గెలిచిన మైక్ వెబ్‌స్టర్ 2002లో, 50 ఏళ్లకే మరణించాడు. పదేపదే తగిలిన దెబ్బలకు అతని మెదడు చెడిపోయినట్లు డాక్టర్ బెన్నెట్ ఒమాలు కనుగొన్నాడు.

తలిదండ్రులారా, మీ బిడ్డ బలాన్ని చూసి సంతోషించండి. ఏ ఆటలోనైనా తలకు దెబ్బ తగిలితే మాత్రం వెంటనే ఆట మాన్పించి, వైద్యునికి చూపించండి.