లుక్లా పాఠం: జాప్యానికీ ఖరీదు కట్టాలి

విమానం కూలి సరుకు పోతే, బీమా ఉన్న వర్తకునికి సొమ్ము వస్తుంది. మబ్బు పట్టి విమానం వెనక్కి తిరిగితే చిల్లిగవ్వ రాదు. విమాన సరుకు బీమాలో వాడుకలో ఉన్న ప్రామాణిక షరతులు జాప్యం వలన కలిగే నష్టాన్ని మినహాయిస్తాయి. అంటే లెక్కల పుస్తకంలో ప్రమాదం కంటే ఆలస్యమే ఎక్కువ నష్టంగా కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

2017 మే 27న ఖాట్మండు నుంచి సరుకుతో బయలుదేరిన లెట్-410 రకం చిన్న విమానం, నేపాల్‌లోని లుక్లాలో మబ్బులు కమ్మిన వేళ దిగబోతూ రన్‌వేకు కొద్ది ముందే, దాని మట్టానికి దిగువన కొండవాలుకు తగిలి కూలింది. పైలట్లిద్దరూ మరణించారు. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు మాత్రమే. సముద్రమట్టానికి 2,845 మీటర్ల ఎత్తున, దాదాపు 12 శాతం వాలుతో ఉంది. ఎదురుగా కొండ అడ్డం. చివరి దశలో దిగడం మానుకొని తిరిగి పైకి లేచేందుకు తావు లేదు. పైలట్ కంటిచూపే ఆధారం. 2008 అక్టోబరు 8న ఇదే చోట పొగమంచులో ప్రయాణికుల విమానం కూలి 18 మంది చనిపోయారు.

అయినా విమానాలు వెళ్లక తప్పదు. లుక్లాలో దిగిన సరుకు కూలీల వీపుల మీద, పశువుల మీద నామ్చే బజారుకు చేరుతుంది. కింది లోయల నుంచి కంచరగాడిదల మీద తేవాలంటే రోజులు పడుతుంది. విమానాలు నిలిచిపోతే పైన సరుకుకు కటకట, ధరకు రెక్కలు. 2017లో ఆ పైలట్లపై ఎవరో ఒత్తిడి తెచ్చారని అనడానికి లేదు. కాని గడువు, గిరాకీ, కిరాయి మూడూ ఒకే వైపు లాగే ఏర్పాటులో ఎవరూ నోరు విప్పి ఒత్తిడి చేయనక్కరలేదు.

నిల్వ పెట్టుకోవాలంటే వడ్డీ, గోడౌను అద్దె ఎవరు భరిస్తారని వర్తకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే వానాకాలం ఏటా వచ్చేదే. తేదీ తెలిసిన కష్టం రిస్కు కాదు, ఖర్చు. దాన్ని ముందే ధరలో కలుపుకోవాలి. నిల్వ ఆగని కూరగాయల వంటి వాటికి వానాకాలంలో ఫలానా రోజుకు అందిస్తామని ఒప్పుకోకపోవడమే మేలు.

రేవు వ్యాపారంలో ఇది కొత్త సంగతి కాదు. వాన వలన ఎగుమతి పని ఆగిన రోజులను గడువులోంచి తీసివేసే షరతు ఓడ ఒప్పందాలలో ఏనాటి నుంచో ఉంది. కాకినాడలో బియ్యం ఎక్కించేవారికి దాని విలువ తెలుసు. విమాన కిరాయి ఒప్పందాలలోనూ అటువంటి షరతు ఉండాలి. వాతావరణం బాగాలేక వెనుదిరిగిన విమానానికి కిరాయిలో కొంత భాగమైనా చెల్లించాలి. ఆ మొత్తాన్ని సరుకు యజమాని, రవాణాదారు పంచుకోవాలి. కిలోకు కొద్ది పైసలు పెరిగితే పెరగనీయండి. వెనక్కి తిరిగిన సరుకు మర్నాడైనా అమ్ముడవుతుంది.