ఎవరి కొలతకు మనం మామూలు మనుషులం?

"నార్మల్" అనే మాట ఇప్పుడు గూడెం దాకా వచ్చింది. బడికి తనిఖీకి వచ్చినవాళ్లు "వీళ్లు నార్మల్ పిల్లల్లా మాట్లాడరేం?" అంటారు. హన్మకొండలో అద్దెకు గది అడగబోతే "మీరు మామూలుగానే ఉన్నారే, ట్రైబల్ అంటే నమ్మలేం" అంటారు. మొదటిది నింద, రెండోది మెచ్చుకోలు. రెండింటికీ కొలబద్ద ఒకటే. దాన్ని ఎవరు తయారుచేశారో మనం అడగాలి.

ఎక్కువమంది చేసేదే మామూలు అని చెబుతారు. అదే నిజమైతే గూడెంలో కోయ భాషే మామూలు కావాలి. రెండేళ్లకోసారి మేడారంలో లక్షలాది జనం విగ్రహం లేని గద్దెలకు, వెదురు కర్రకు, కుంకుమ భరిణెకు మొక్కుతారు. కోయ వడ్డెలు చేసే పూజకు తలవంచుతారు. 1996లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. జాతర నాలుగు రోజులూ మన పద్ధతే అందరికీ మామూలు. తిరుగు బస్సు ఎక్కగానే అదే పద్ధతి మూఢనమ్మకం అయిపోతుంది. అంటే ఇక్కడ లెక్క జనానిది కాదు, పెత్తనానిది.

ఈ పెత్తనం కొత్తది కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. ఆ చట్టం కింద ఎరుకల వంటి వారికి పుట్టుకే నేరమైంది. 1952లో చట్టం రద్దయింది గానీ ఆ చూపు పోలేదు. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డ్ తెగలను గుర్తించడానికి ఐదు లక్షణాలు చెప్పింది: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళికంగా వేరుగా ఉండటం, బయటివారితో కలవడానికి బిడియం, వెనుకబాటుతనం. ప్రభుత్వం ఇప్పటికీ వాటినే పట్టుకుని ఉంది.

అంటే గుర్తింపు కావాలంటే మనం బిడియపడాలి, వెనుకబడి ఉండాలి. గౌరవం కావాలంటే ఆదివాసీలం కానట్టు కనబడాలి. గట్టిగా మాట్లాడే అమ్మాయిని "అసలు గిరిజన పిల్లేనా?" అంటారు. మాట్లాడకపోతే మొద్దు అంటారు. బిడియం మన రక్తంలో లేదు. తెలియని భాషలో అప్పు పత్రం రాయించుకున్న షావుకారును, పోడు మీద కేసు పెట్టిన ఫారెస్టోళ్లను చూసి మన పెద్దలు నేర్చుకున్న జాగ్రత్త అది.

ఇక బడి సంగతి. కోయలో "ఏరు" అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. ఒకటో తరగతి పిల్ల గ్లాసులో నీళ్ల బొమ్మ చూసి "ఏరు" అంటే తప్పు పెడతారు. పిల్లకు నీళ్లు తెలియక కాదు, టీచరుకు కోయ తెలియక. అలాంటి తప్పులు వంద పోగయ్యాక "స్లో లెర్నర్" అని ముద్ర పడుతుంది. తర్వాత ఆ పిల్ల బడికి రాదు.

ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. వీలైనంతవరకు బోధన మాతృభాషలోనే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. 2011 జనాభా లెక్కల్లో 29 లక్షల మందికి పైగా మాతృభాషగా చెప్పిన గోండికి ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఏరు అంటే నీళ్లని తెలిసిన టీచరు ఆ గదిలోకి వచ్చే దారి అంతమేరకు ఇరుకైంది.

"ఉద్యోగం రావాలంటే తెలుగు, ఇంగ్లిషు కావాలి కదా" అని మనవాళ్లే అంటారు. కావాలి. ఎవరు వద్దన్నారు? కోయ మెట్టు మీద నిలబడి తెలుగు మెట్టు, ఆపైన ఇంగ్లిషు మెట్టు ఎక్కించమంటున్నాం. మొదటి మెట్టు పీకేసి ఎక్కమంటే ఏ పిల్ల ఎక్కుతుంది?

మన బతుకంతా గొప్పదని మనం చెప్పడం లేదు. వానాకాలం జ్వరాలు, రక్తహీనత, దారిలేక గర్భిణిని మంచం మీద మోసుకెళ్లడం మన సంస్కృతి కావు. కానీ చిత్రం చూడండి. వీటిని మాత్రం "ఏజెన్సీలో ఇది మామూలే" అని ఫైలు మూసేస్తారు. మన భాష వాళ్లకు వింత, మన చావు వాళ్లకు మామూలు! తిరగబడాల్సింది ఈ లెక్క మీదే.

టీచర్లుగా మనం ఒకటి, రెండు తరగతుల్లో కోయ మాటను తెలుగు లిపిలో బోర్డు మీద రాద్దాం. పిల్ల చెప్పిన మాటకు తప్పు పెట్టేముందు దాని అర్థం అడుగుదాం. రిజిస్టరులో నోరు తిరగలేదని పిల్లల పేర్లు మార్చనివ్వొద్దు. మన ఇంటిపేరు, మన గట్టు ఏవో పిల్లలకు తెలిసేలా చూద్దాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! "నువ్వు ఆదివాసీలా లేవే" అని ఎవరైనా మెచ్చుకుంటే థాంక్స్ చెప్పకండి. "ఆదివాసీ ఎట్లా ఉంటాడనుకున్నారు?" అని అడగండి. ఆ జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లు.