బలవంతుడి మాటే న్యాయమా?

‘కర్ర ఉన్నవాడిదే బర్రె’ అని మన పల్లెల్లో ఒక సామెత ఉంది. దేశాల మధ్య సంబంధాలను అధ్యయనం చేసే పండితులలో ఒక వర్గం దాదాపు ఇదే విషయాన్ని సిద్ధాంతంగా తీర్చిదిద్దింది. దానిని వాస్తవవాదం అంటారు. దేశాలన్నింటినీ అదుపు చేయగల ప్రభుత్వమేదీ వాటిపైన లేదు. కనుక ప్రతి దేశమూ తన రక్షణను తానే చూసుకోవాలి. రక్షణకు ఆధారం బలం. స్థూలంగా ఆ సిద్ధాంత సారాంశం ఇదే. 1948లో హాన్స్ మోర్గెంథావ్ వెలువరించిన ‘పాలిటిక్స్ అమాంగ్ నేషన్స్’ గ్రంథం దీనికి విశేష ప్రచారం కల్పించింది.

ఈ ఆలోచన ఎంతో పాతది. క్రీ.పూ. 416లో ఏథెన్స్ సైన్యం మెలోస్ అనే చిన్న ద్వీపంపై దండెత్తింది. తటస్థంగా ఉంటామని ద్వీపవాసులు న్యాయం పేరిట విన్నవించుకున్నారు. ఏథెన్స్ దూతలు న్యాయం ప్రసక్తినే పక్కన పెట్టారని గ్రీకు చరిత్రకారుడు థ్యుసిడిడీస్ నమోదు చేశాడు. చివరకు లొంగిపోయిన ఆ ద్వీపంలోని పురుషులను చంపి, స్త్రీలను, పిల్లలను బానిసలుగా మార్చారు.

అది గతించిన కాలపు క్రూరత్వమని సరిపెట్టుకోవడానికి వీలులేదు. బోస్నియా యుద్ధ కాలంలో, 1993 ఏప్రిల్‌లో, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి స్రెబ్రెనీట్సా పట్టణాన్ని ‘సురక్షిత ప్రాంతం’గా ప్రకటించింది. యుగోస్లావియా అంతటికీ 1991లో విధించిన ఆయుధ నిషేధం అప్పటికే అమలులో ఉంది. పాత సైన్యపు ఆయుధాలు సెర్బు దళాల చేతికి చిక్కగా, ఆ నిషేధం బోస్నియా ముస్లిములకే ఎక్కువ నష్టం కలిగించింది. బోస్నియాలోని ఆరు సురక్షిత ప్రాంతాల రక్షణకు సుమారు 34,000 మంది సైనికులు అవసరమని నిపుణులు అంచనా వేయగా, మండలి దాదాపు 7,600 మందితో సరిపెట్టింది. 1995 జూలై 11న రాట్కో మ్లాదిచ్ నాయకత్వంలోని సెర్బు సేన పట్టణంలో ప్రవేశించినప్పుడు, అక్కడున్న కొద్దిపాటి డచ్ శాంతిదళం దానిని నిలువరించలేదు. కొద్ది రోజుల్లోనే 8,000 మందికి పైగా ముస్లిం పురుషులు, బాలురు హతమయ్యారు. అది జాతి నిర్మూలనేనని అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో ధ్రువీకరించింది. తీర్పు వచ్చింది గానీ, పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు.

వెనుక బలం లేని వాగ్దానం ఎంత పెళుసైనదో స్రెబ్రెనీట్సా మనకు చూపుతుంది. ఈ మేరకు వాస్తవవాదులు చెప్పేది నిజం. ప్రతి విపత్తునూ కుట్రగా భావించి నిట్టూర్చడం కంటే, బలాబలాల తీరును అర్థం చేసుకోవడమే మన యువతకు మేలు. ఈ పండితులందరూ యుద్ధప్రియులన్న అపోహ కూడా తగదు. మోర్గెంథావ్ వియత్నాం యుద్ధాన్ని బాహాటంగా వ్యతిరేకించాడు. ఇరాక్‌పై యుద్ధం అమెరికాకు ప్రయోజనకరం కాదని 2002 సెప్టెంబరులో 33 మంది అంతర్జాతీయ వ్యవహారాల పండితులు పత్రికా ప్రకటన ఇచ్చారు. వారిలో పలువురు వాస్తవవాదులే.

అయితే లోకం ఎలా నడుస్తున్నదో చెప్పడం వేరు, ఎలా నడవాలో చెప్పడం వేరు. మొదటిదే రెండవదని భ్రమించిన నాడు బలమే ఆరాధ్యమవుతుంది. అల్లాహ్ తప్ప మరో ఆరాధ్యుడు లేడని సాక్ష్యమిచ్చే మనకు అది తగునా?

హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా వద్ద దైవప్రవక్త ముహమ్మద్ (స) పదేళ్ల సంధికి అంగీకరించారు. మక్కా నుంచి సంరక్షకుల అనుమతి లేకుండా వచ్చినవారిని తిప్పి పంపాలన్న షరతు సహాబాలకు ఎంతో బాధ కలిగించింది. సంకెళ్లతో వచ్చి శరణు కోరిన అబూ జందల్ (రజి)ను సైతం, ఇచ్చిన మాట కోసం తిప్పి పంపవలసి వచ్చింది. అక్కడ పరిస్థితుల అంచనా ఉంది, సహనం ఉంది, మాట తప్పని నిష్ఠ కూడా ఉంది. ఖురైషుల పక్షం సంధిని ఉల్లంఘించిన తర్వాత, హిజ్రీ 8లో పదివేల మందితో ఆయన మక్కాలో ప్రవేశించారు. ఏళ్ల తరబడి తమను హింసించిన నగరం చేతికి చిక్కింది. ఆయన ఆ ప్రజలకు క్షమాభిక్ష ప్రసాదించారు. మెలోస్‌లో బలం చేసిన పనికీ, మక్కాలో బలం చేసిన పనికీ మధ్య ఉన్న అంతరమే మన ధర్మం. శత్రుత్వం సైతం మనల్ని న్యాయం నుంచి తప్పించరాదన్నది అల్ మాయిదా సూరా 8వ ఆయతు బోధ.

అంతర్జాతీయ రాజకీయాలను మార్చే శక్తి మన ఇళ్లకు లేకపోవచ్చు. కానీ ప్రతి ఇంట్లోనూ కొంత బలం ఉంది. సంపాదించేవారికి ఆధారపడినవారిపై, అత్తకు కోడలిపై, యజమానికి పనివారిపై, అన్నకు తమ్ముడిపై అది నడుస్తుంది. స్రెబ్రెనీట్సా కోసం కన్నీరు పెట్టే మనం ఆ బలాన్ని ఎలా వినియోగిస్తున్నామో ముందుగా తరచి చూసుకోవాలి. బలం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దానికి లెక్క చెప్పవలసిన దినం ఉంది.