మతిమరుపు కంటే ముందు లెక్క తప్పుతోంది
సంతకాలతో చిక్కుల్లో పడుతున్న పెద్దలు

వేంపల్లె, (మా విలేఖరి): ఈ మండలంలోని ఒక పల్లెలో అరవై ఏడేళ్ళ రైతు ఒకరున్నారు. ఊరి పేరు, మనిషి పేరు రాయడం భావ్యం కాదు. చీనీ తోట, కొంత మెట్ట పొలం ఉన్న కుటుంబం. వ్యాపారి టన్ను ధర చెప్పగానే తరుగు, కూలి, లారీ బాడుగ తీసివేసి చేతికి వచ్చేది ఎంతో నోటితోనే చెప్పగల మనిషి. ఊళ్ళో అన్నదమ్ముల పంపకాలు జరిగితే లెక్కకు ఆయననే పిలిచేవారు.

అటువంటి ఆయన రెండేళ్ళలో మూడు బోర్లు వేయించారు. అడిగిన మొదటి వ్యాపారికే తోటను గుత్తకు ఇచ్చేశారు. పరిచయం అంతంత మాత్రంగా ఉన్న ఒకరి అప్పుకు జామీను సంతకం పెట్టారు. వీటన్నిటినీ మించిన పని మరొకటి ఉంది. రెండు లక్షల రూపాయల పాత ప్రోనోటు వెనక్కు తీసుకోకుండానే అదే అప్పుకు కొత్త నోటు రాసిచ్చారు. "పాత నోటు యాడుంది నాయనా?" అని కొడుకు అడిగితే, "ఇచ్చినాడు లేరా, పెట్టెలో ఉంటాది" అన్నారట. పెట్టెలో లేదు.

ఇంట్లో వారు దీన్ని మొండితనం అనుకున్నారు. ఊరివారు చెడు సావాసం అన్నారు. జబ్బు అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆయన మనుమల పేర్లు మరచిపోలేదు. గండి ఆంజనేయస్వామి గుడికి ఒంటరిగా వెళ్ళి వచ్చేవారు. ముప్పయ్యేళ్ళ కిందటి కరవు సంగతులు పూసగుచ్చినట్లు చెప్పేవారు. ఇక మతిమరుపు ఎక్కడిది? కడపలో డాక్టరుకు చూపించిన తరువాతే ఇది డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు తొలిదశ అని తేలింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ జబ్బు అందరిలోనూ మరుపుతోనే మొదలవుతుందని మనం అనుకుంటాం. కొందరిలో అది ముందుగా డబ్బు వ్యవహారంలో బయటపడుతుంది. నోట్లు లెక్కపెట్టడం చిన్ననాటి నుంచి అలవాటైన పని గనుక చాలాకాలం నిలుస్తుంది. కాని ఒక బేరం తెగాలంటే పాత ధర గుర్తుండాలి, కొత్త ధరతో పోల్చాలి, ఎదుటి మనిషి మాటలో నిజమెంతో తూచాలి, తొందర వస్తే తమాయించుకోవాలి. ఇన్ని పనులు ఒకేసారి చేయలేక మెదడు మొదట తడబడేది ఇటువంటి చోటే. ఈ జబ్బులోనే ఒక రకంలో మెదడు ముందుభాగం దెబ్బతింటుంది. అది ఎక్కువగా నలభై అయిదు, అరవై అయిదు ఏళ్ళ మధ్య వస్తుంది. అందులో జ్ఞాపకం బాగానే ఉంటుంది, వెనుకాముందు చూసే గుణం పోతుంది. చూసేవారికి మనిషి దుబారా అయ్యాడనిపిస్తుందే గాని, రోగి అనిపించదు.

అమెరికాలో ఒంటరిగా జీవించే 80 వేల మందికి పైగా వృద్ధుల అప్పుల ఖాతాలు పరిశీలించి 2020లో ఒక పరిశోధన ప్రకటించారు. డాక్టరు జబ్బు పేరు చెప్పడానికి ఆరేళ్ళ ముందు నుంచే వారిలో కొందరు వాయిదాలు తప్పడం మొదలుపెట్టినట్లు అందులో తేలింది. చికాగో పరిశోధకులు మతిమరుపు లేని 935 మంది వృద్ధులను ఏళ్ళ తరబడి గమనించి, మోసపు మాటలను అనుమానించలేని వారికే తరువాత ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని 2019లో తెలిపారు. మన దేశంలో అరవై దాటిన వారిలో సుమారు 88 లక్షల మందికి, అంటే నూటికి ఏడుగురికి పైగా, ఈ జబ్బు ఉందని 2023లో వెలువడిన అంచనా. పట్టణాల కంటే పల్లెల్లోనే ఎక్కువ అని కూడా అందులో ఉంది.

కాగా, రాయలసీమలో దీన్ని పసిగట్టడం మరీ కష్టం. ఇక్కడ సేద్యమే జూదం. టెంకాయ పట్టి పాయింటు పెట్టించుకుని, నీళ్ళు పడకపోతే నాలుగు బారల అవతల మరో బోరు దించే రైతు ప్రతి ఊరిలోనూ ఉన్నాడు. అప్పు చేసి బోరు వేసిన వారందరినీ జబ్బు మనుషులు అనాలంటే సగం జిల్లాను ఆస్పత్రికి తీసుకుపోవలసిందే! కనుక పక్కింటి వారితో పోల్చి లాభం లేదు. ఆ మనిషిని ఆయన పాత నడవడితోనే పోల్చి చూడాలి. జన్మంతా సాహసం చేసిన రైతు నాలుగో బోరు వేస్తే అది ఆయన స్వభావం. అణా కూడా ఆచితూచి ఖర్చు పెట్టిన రైతు ఇంట్లో చెప్పకుండా మూడు బోర్లు వేస్తే ఆలోచించాల్సిందే.

అటువంటి మార్పులు మరికొన్ని ఉన్నాయి. ఎరువుల అంగడిలో ఇచ్చిన బాకీ మళ్ళీ ఇవ్వడం, బ్యాంకు పంట రుణం గడువు మొదటిసారి దాటిపోవడం, ఫోన్లో ఎవరో అడిగితే వెంటనే నంబరు చెప్పేయడం, లెక్క అడిగితే ఎన్నడూ లేని కోపం రావడం. ఈ కోపాన్ని చాలామంది అపార్థం చేసుకుంటున్నారు. తనకే అంతుపట్టని తప్పును దాచుకునే అవస్థ అది.

పల్లెల్లో ఈ నష్టం ప్రోనోటు ద్వారా ఎక్కువ. నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెస్తే నెలకు 4000 వడ్డీ. 2024 జూలై నుంచి వృద్ధులకు ఇస్తున్న పింఛను కూడా సరిగ్గా అంతే. నోటుకు మూడేళ్ళు గడువు. అది దాటకుండా నోటు తిరగరాయడమో, వెనుక చెల్లు రాయించుకోవడమో మామూలే. మరచిపోయే మనిషి చేతిలో ఇదే పెద్ద గండం. పాత నోటు చించకుండా కొత్తది రాస్తే ఒక అప్పు రెండవుతుంది. చెల్లు రాయించకుండా డబ్బిస్తే ఇచ్చినట్లు సాక్ష్యం ఉండదు. అప్పిచ్చిన వారిలో మంచివారు లేకపోలేదు, అయితే అందరూ మంచివారే అనుకుని కూర్చోలేం.

డాక్టరు దగ్గరకు పోవడానికి సిగ్గు పడుతున్నారు. మతి తప్పడం వేరే కారణాల వల్ల కూడా జరుగుతుంది. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్, దిగులు, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టడం వంటివి చికిత్సతో చాలావరకు కుదురుతాయి. కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. 14416 నంబరుకు ఫోను చేసినా ఉచితంగా సలహా దొరుకుతుంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో ఈ జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్లు 2013లో ప్రకటించింది. చదువు రానివారిలోనూ ఇదే కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే మన వేంపల్లె బజారుకు ఇది సంతోషం కలిగించే వార్తే. అయినా బి.పి., షుగర్, పొగాకు, చెవుడు ఈ ముప్పును పెంచుతాయి గనుక వాటిని వదిలి భాషను నమ్ముకుంటే కుదరదు.

చట్టం సంగతి తెలుసుకోవలసి ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మతి స్థిమితం లేనప్పుడు చేసిన ఒప్పందం చెల్లదు. కాని ఆ రోజున మతి సరిగా లేదని రుజువు చేసే భారం కాదన్నవారిదే. తేదీతో కూడిన డాక్టరు కాగితం లేకుండా కోర్టులో నెగ్గడం కష్టం. చాలామంది ముందుగానే జనరల్ పవర్ రాయించుకుంటే చాలనుకుంటున్నారు. అదే చట్టం ప్రకారం రాసిచ్చిన మనిషికి మతి తప్పితే ఆ పవర్ కూడా రద్దవుతుంది. అంటే అవసరం వచ్చిన నాడే అది పనికిరాదు. 1987 నాటి చట్టంలో జిల్లా కోర్టు ద్వారా ఆస్తికి సంరక్షకుడిని నియమించే దారి ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టంలో ఆ ఏర్పాటు లేదు. మెట్ట రైతు కుటుంబం హైకోర్టు మెట్లెక్కాలంటే అయ్యే పనేనా?

దీనికి మరో వైపు కూడా ఉంది. ఆస్తి మీద కన్నేసి తండ్రికి పిచ్చి అని ప్రచారం చేసే కొడుకులు లేరా? తొలిదశలో ఉన్న మనిషి అన్ని విషయాల్లోనూ అసమర్థుడు కాడు. చిన్న ఖర్చులు, ఎవరికి ఏమివ్వాలన్న ఇష్టం చెప్పగలడు. చట్టం కూడా స్థిమితంగా ఉన్న వేళ చేసిన ఒప్పందాన్ని ఒప్పుకుంటుంది. అందువల్ల ఒక్క కొడుకు చేతిలో పెత్తనం పెట్టడం కంటే కూతుళ్ళతో సహా అందరూ కూర్చుని, డాక్టరు కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకోవడం మేలని నా అభిప్రాయం. పొలం రాసిచ్చే పెద్దలు 'నన్ను పోషించాలి' అన్న షరతు దస్తావేజులోనే రాయించాలి. అది ఉంటే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు వెళ్ళి రద్దు చేయించుకునే వీలుంది. వివరాలకు 14567 నంబరు ఉంది.

పైన చెప్పిన రైతు విషయంలో ఊరి పెద్దల సమక్షంలో పాత నోటు బయటకు వచ్చింది. అందరి ముందూ దాన్ని చించివేశారు. జామీను వ్యవహారం మాత్రం తేలలేదు. బ్యాంకు ఖాతాలో భార్య పేరు చేర్చారు, నోటు మీద సంతకం అవసరమైతే కొడుకు పక్కన ఉండాలన్న మాట మీద ఆయన కూడా ఒప్పుకున్నారు. ఖర్చులకని వారానికి అయిదువందలు చేతికి ఇస్తున్నారు. శనివారం సాయంత్రం కట్ట మీద కూర్చుని మిగిలింది లెక్కపెట్టి భార్యకు అప్పగిస్తున్నారు. ఆ లెక్క ఇప్పటివరకు ఒక్కసారి కూడా తప్పలేదని ఆమె చెప్పారు.