‘బాడీ బిల్డింగ్’ అంటే ఏమి కట్టడం?

మా తరం వారికి ‘బాడీ బిల్డింగ్’ అన్న మాట మొదట కనిపించినది వ్యాయామశాల గోడ మీద కాదు, లారీ షెడ్డు బోర్డు మీద. విజయవాడ ఆటోనగర్‌లో నేటికీ అటువంటి బోర్డులు చూడవచ్చు. ఇంజను, ఛాసిస్ మాత్రమే ఉన్న లారీకి అక్కడ వడ్రంగులు, వెల్డర్లు కలిసి క్యాబినూ, తొట్టీ అమరుస్తారు. మన మిర్చి టిక్కీలను, పత్తి బేళ్లను మోసుకుపోయే లారీలెన్నో ఆ విధంగా తయారైనవే. ఆ పనివారికి ఒక సూత్రం తెలుసు: ఛాసిస్ ఎంత బరువు మోయగలదో, ఇంజను ఎంత లాగగలదో చూసుకున్న తరువాతనే బాడీ కట్టాలి. ఈ వ్యాసం చదివే యువకులకు, వారి తల్లిదండ్రులకు నేను చెప్పదలచినది కూడా అదే.

మనిషి శరీరానికి ఈ మాటను అన్వయించి లోకమంతటా ప్రచారం చేసిన వారిలో ముఖ్యుడు యూజెన్ శాండో. 1901లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆయన నిర్వహించిన పోటీని తొలి పెద్ద దేహ ప్రదర్శన పోటీగా చెబుతారు. చేతులు లేని బనీనును ‘శాండో బనియన్’ అని మనం పిలుచుకునేది ఆయన పేరుతోనే. అదే కాలంలో మన తెలుగునాట వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ‘కలియుగ భీముడు’గా ప్రసిద్ధుడయ్యాడు. ఛాతీ మీద ఏనుగును నిలపడం, ఇనుప గొలుసులు తెంచడం ఆయన ప్రదర్శనలు. ఇద్దరూ ప్రదర్శకులే, కాని ఒక తేడా గమనించండి. శాండో పోటీలో చూసినది శరీరం ఎలా ఉన్నదని. రామమూర్తి వద్ద జనం చూసినది ఆ శరీరం ఏమి చేయగలదని.

ఈ రెండింటికీ మనం ఒకే తెలుగు మాట వాడుతున్నాము: దేహదారుఢ్యం. వేదిక మీద నూనె పూసుకుని కండలు చూపితే అవి దేహదారుఢ్య పోటీలు. పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్లు పరుగెత్తి, లాంగ్ జంప్ చేస్తే అవి దేహదారుఢ్య పరీక్షలు. దృఢత్వం అనే అర్థంలో ఆ మాట రెండవదానికే చక్కగా ఒప్పుతుంది. మొదటిదాన్ని కండల ప్రదర్శన అనడమే న్యాయం. అది కఠోర సాధనతో కూడిన పోటీ. దానిని నేను తక్కువ చేయడం లేదు. కాని పోటీనాడు కండరాల గీతలు తేలడం కోసం కొందరు నీళ్లు తాగడం మాని, మూత్రం ఎక్కువగా పోయే మందులు వాడతారు. దానివల్ల రక్తంలో లవణాలు, ముఖ్యంగా పొటాషియం, తారుమారై గుండె లయ తప్పవచ్చు. చూడటానికి అతి బలంగా కనిపించే రోజే లోపల అతి బలహీనమైన రోజు కావచ్చునన్నమాట.

పేరులోని ఈ గందరగోళం నాకు ఒకసారి రోగి రూపంలో ఎదురైంది. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు లేరని ఒక రైతు దంపతులు కొడుకునూ కోడలినీ తీసుకువచ్చారు. అప్పటికి పరీక్షలన్నీ కోడలికే చేయించారు. మాటలన్నీ ఆమే పడింది. కొడుకు విశాలమైన ఛాతీ చూపి, ‘వీడికేం లోపం ఉంటుందండీ, బాడీ బిల్డరు!’ అన్నాడు తండ్రి. ఆ యువకుని భుజాల మీద, వీపు మీద దట్టంగా మొటిమలున్నాయి. విడిగా కూర్చోబెట్టి అడిగితే, రెండేళ్లుగా ఇంజెక్షన్లు తీసుకుంటున్నానని ఒప్పుకున్నాడు. పరీక్షలో వీర్యకణాలు ఒక్కటీ కనిపించలేదు.

ఇందులో వింత లేదు. టెస్టోస్టిరాన్ బయటి నుంచి అందితే, ఇక తయారు చేయనవసరం లేదని మెదడులోని పిట్యూటరీ గ్రంథి వృషణాలకు ఆదేశాలు ఆపివేస్తుంది. వృషణాలు చిక్కిపోతాయి. పొలానికి కాలువ నీరు వస్తున్నదని బావి మోటారు కట్టేసి తుప్పు పట్టనిచ్చినట్లు. మందు మానిన తరువాత కోలుకోవడానికి నెలలు, కొందరికి సంవత్సరాలు పడుతుంది; కొందరిలో పూర్తిగా కోలుకోదు. అంతటితో ఆగదు. మంచి కొలెస్ట్రాల్ తగ్గి, చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. గుండె గోడలు మందమవుతాయి. మాత్రల రూపంలో తీసుకునే స్టిరాయిడ్లు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఇవి వైద్యుని చీటీ మీదనే అమ్మవలసిన మందులు. శస్త్రచికిత్సలో పడిపోయిన రక్తపోటును నిలబెట్టే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్ సైతం ఉత్సాహం కోసం వ్యాయామశాలలకు చేరుతున్నదంటే, తల్లిదండ్రులు మేలుకోవలసిన సమయమిది.

డబ్బాలలోని ప్రొటీను పొడుల మాట కూడా చెప్పాలి. కండ పెంచడానికి అటువంటి పొడులు వాడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో సూచించింది. ఆరోగ్యవంతునికి కిలో బరువుకు రోజుకు సుమారు 0.83 గ్రాముల ప్రొటీను చాలు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల వేరుసెనగ గింజలలో 25 గ్రాములు, అంతే కందిపప్పులో 22 గ్రాముల వరకు ఉంటుంది. వ్యాయామం చేసేవారికి కొంత ఎక్కువ కావచ్చు. అది కూడా మన వంటింటిలోనే దొరుకుతుంది.

‘మరి గుంటూరు మిర్చి యార్డులో హమాలీలను చూడండి, ఏ పొడీ లేకుండానే టిక్కీలు మోయడం లేదా?’ అనవచ్చు. నిజమే, కాని అదీ ఆదర్శం కాదు. విశ్రాంతి లేని బరువు వెన్నునూ మోకాళ్లనూ అరగదీస్తుంది. మిరప ఘాటు ఊపిరిని ఇబ్బంది పెడుతుంది. వ్యాయామానికీ శ్రమకూ తేడా అదే. వ్యాయామంలో బరువును మనం ఎంచుకుంటాము, క్రమంగా పెంచుతాము, విశ్రాంతి ఇస్తాము. కండ పెరిగేది బరువెత్తినప్పుడు కాదు, ఆ తరువాతి తిండిలో, నిద్రలో.

కాబట్టి బరువులెత్తండి. యువకులే కాదు, అరవై దాటినవారూ తమ శక్తికి తగినంత ఎత్తవచ్చు. ఎముకకూ, చక్కెర అదుపుకూ అది మేలు. మీ అబ్బాయి వ్యాయామశాలకు వెళుతుంటే అడ్డుకోకండి. ఛాతీ ఎన్ని అంగుళాలని మాత్రం అడగకండి. ఎంత దూరం పరుగెత్తగలుగుతున్నావు, రాత్రి నిద్ర పడుతున్నదా, రక్తపోటు ఎంత, ఎవరైనా ఇంజెక్షను ఇస్తామన్నారా అని అడగండి. ఆ అబ్బాయికి నేను చెప్పేది ఒక్కటే: లారీ తొట్టి పాడైతే మరొకటి కట్టించుకోవచ్చు. నీకు ఉన్నది ఒకే ఇంజను.