విద్యాలయాల రక్షణ: తుపాకి కాపలాయా, తుపాకికి కట్టడియా?

బడికి పంపిన బిడ్డ సాయంకాలానికి క్షేమంగా ఇల్లు చేరుతాడన్న నమ్మకం మీదనే ఏ దేశంలోనైనా విద్యావ్యవస్థ నిలిచి ఉంటుంది. ఆ నమ్మకం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పాతికేళ్లకు పైగా పదేపదే భగ్నమవుతూ వస్తున్నది. 1999 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ ఉన్నత పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు తుపాకులతో ప్రవేశించి 12 మంది తోటి విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుని కాల్చి చంపారు. 2012 డిసెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు సిబ్బంది బలి అయ్యారు. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో 17 మంది, 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డిలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించారు. జాబితా ఇంతటితో ముగియలేదు.

ఇటువంటి దుర్ఘటన జరిగిన ప్రతిసారీ ఆ దేశంలో రెండు వాదాలు తలెత్తుతాయి. తుపాకులు సులభంగా చేతికి అందకుండా చట్టం కట్టడి చేయాలన్నది మొదటిది. దుష్టుని చేతిలోని తుపాకిని ఎదిరించగలిగినది సజ్జనుని చేతిలోని తుపాకి మాత్రమే గనుక ప్రతి పాఠశాలలో సాయుధ రక్షకుని నిలపాలి, అవసరమైతే ఉపాధ్యాయులకే ఆయుధమివ్వాలి అన్నది రెండవది. శాండీ హుక్ ఘోరం జరిగిన వారం రోజులకే అక్కడి జాతీయ రైఫిల్ సంఘం ఈ రెండవ వాదాన్ని దేశం ముందుంచింది.

ఎక్కడో సముద్రాల ఆవల జరిగే ఈ చర్చతో మనకేమి పని అని కొందరు అడుగవచ్చు. మన తెలుగునాట నుండి ఏటేటా వేలాది విద్యార్థులు ఉన్నత విద్య కొరకు అమెరికాకు పయనమవుతున్నారు. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో హతులైన 32 మందిలో భారతదేశం నుండి వెళ్లిన ఒక ఆచార్యుడు, ఒక విద్యార్థిని ఉన్నారు. అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. విద్యాలయానికి నిజమైన రక్షణ ఏది అన్న ప్రశ్న ఏ దేశానిదైనా ఒక్కటే. కళాశాల నడిపే పెద్దలు, అందులో చదివే పిల్లలు ఇరువురూ యోచించవలసిన ప్రశ్న అది.

ఈ రెండు వాదాలను తూచడానికి నాకు తోచిన త్రాసు కాలం. సాయుధ రక్షకుని కర్తవ్యం మొదటి గుండు పేలిన తరువాత ఆరంభమవుతుంది. అతడు నిమిషాలతో పోరాడుతాడు. చట్టం కర్తవ్యం హంతకుని చేతికి తుపాకి రాకముందే, నెలల ముందు, ఒక్కొక్కసారి ఏళ్ల ముందు ఆరంభమవుతుంది. తుపాకి పేలిన తరువాత తరగతి గదిలో పసిపిల్లలకు దక్కే వ్యవధి ఎంత అన్నదే అసలు ప్రశ్న.

వర్జీనియా టెక్ విషయమే తీసుకుందాం. ఆ విశ్వవిద్యాలయానికి సొంత సాయుధ పోలీసు బలగమే ఉంది. ఆనాటి ఉదయం వసతి గృహంలో ఇద్దరు హతులయ్యారు. దాదాపు రెండు గంటల అనంతరం హంతకుడు మరొక భవనంలో ప్రవేశించి, వాకిళ్లకు గొలుసులు వేసి, సుమారు పది పన్నెండు నిమిషాలలో 30 మందిని చంపాడు. పోలీసులు త్వరగానే వచ్చారు. తలుపులు ఛేదించి లోపలికి వెళ్లేసరికి అంతా ముగిసిపోయింది. అయితే ఇదే కథను కొంత వెనుక నుండి చదివితే మరొక సంగతి బయటపడుతుంది. ఆ యువకుడు మానసిక రుగ్మత వలన తనకు తానే ప్రమాదకారి అని 2005 డిసెంబరులోనే న్యాయాధికారి నిర్ణయించి చికిత్సకు ఆదేశించారు. సమాఖ్య చట్టం ప్రకారం అతనికి తుపాకి అమ్మరాదు. కాని ఆసుపత్రిలో చేరకుండా పొందే చికిత్సకు సంబంధించిన ఆదేశాలను ఆ రాష్ట్రం కేంద్ర రికార్డులకు పంపే ఆనవాయితీ లేనందువలన, 2007లో అతడు రెండు పిస్తోళ్లను అంగడిలో, తనిఖీ జరిగిన మీదట, దర్జాగా కొన్నాడు. సాయుధ పోలీసులకు దక్కినవి కొన్ని నిమిషాలు. ఆ ఒక్క కాగితానికి ఏడాదికి పైగా వ్యవధి ఉండినది. 2008 జనవరిలో ఈ లోపాన్ని సవరించే చట్టం వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

సాయుధ కాపలా నిరర్థకమని నేననను. 2023 మార్చిలో నాష్‌విల్ నగరంలోని ఒక పాఠశాలలో పోలీసులు వెనుకాడక లోపలికి దూసుకుపోయి, కబురందిన పావుగంట లోపలే హంతకుని హతమార్చారు. ఇంకెందరి ప్రాణాలో నిలిచాయి. 2024 సెప్టెంబరులో జార్జియా రాష్ట్రంలోని అపలాచీ ఉన్నత పాఠశాలలో కాపలా అధికారులు కొద్ది నిమిషాలలోనే ఎదుర్కొనగా 14 ఏళ్ల బాలుడు లొంగిపోయాడు. కాపలా ఇంతకన్నా చక్కగా పనిచేయడం కష్టం. అయినా నాష్‌విల్‌లో ఆరుగురు, అపలాచీలో నలుగురు అప్పటికే నేలకొరిగారు. కాపలా సఫలమైన చోట కూడా లెక్క సున్న నుండి ఆరంభం కాలేదన్నది గమనార్హం.

ఇక విఫలమైన చోటుల సంగతి చెప్పనక్కరలేదు. కొలంబైన్‌లో సాయుధ అధికారి ఉండి కాల్పులు జరిపాడు, ఆపలేకపోయాడు. పార్క్‌లాండ్‌లో సాయుధ అధికారి భవనం వెలుపలనే నిలిచిపోయాడు. యువాల్డికి 376 మంది రక్షణాధికారులు తరలివచ్చారు. అయినా హంతకుడున్న గదిలోకి వారు ప్రవేశించడానికి 77 నిమిషాలు పట్టింది. శిక్షణ పొంది, కవచం తొడిగి, వందల సంఖ్యలో వచ్చినవారే రైఫిలు ముందు తటపటాయించినపుడు, చేతిలో సుద్దముక్క పట్టుకునే ఉపాధ్యాయుని నుండి ఏమి ఆశించగలం? 1980 నుండి 2019 వరకు జరిగిన 133 పాఠశాల కాల్పుల సంఘటనలను పరిశీలించిన ఒక అధ్యయనం 2021లో అమెరికా వైద్య సంఘం పత్రికలలో ఒకదానిలో వెలువడింది. సాయుధ రక్షకుడు ఉన్న పాఠశాలలలో మృతుల సంఖ్య తగ్గినట్లు అది చూపలేదు. పైగా ఎక్కువగానే కనిపించింది. రక్షకుని వలననే మృతులు పెరిగారని దీని నుండి తేల్చడం తొందరపాటు. కాని రక్షకుడున్నాడన్న భయంతో హంతకుడు వెనుదిరుగుతాడన్న ఆశకు ఆధారం లేదని మాత్రం తెలుస్తున్నది. చావడానికి సిద్ధపడి వచ్చేవానిని చావుతో బెదిరించడం ఎట్లా?

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా గుర్తించాలి. 2014 డిసెంబరు 16న పెషావర్‌లోని సైనిక పాఠశాలపై ఉగ్రవాదులు దాడిచేసి 140 మందికి పైగా చంపారు; మృతులలో అత్యధికులు పిల్లలే. 2016 జనవరిలో చార్సద్దాలోని బాచా ఖాన్ విశ్వవిద్యాలయంపై దాడి జరిగినపుడు ఒక రసాయన శాస్త్ర అధ్యాపకుడు తన పిస్తోలుతో ముష్కరులను ఎదిరించి, విద్యార్థులకు తప్పించుకునే వ్యవధి కల్పించి, తాను అమరుడయ్యాడు. అటువంటి శత్రువు వెలుపలి నుండి, ముఠాగా, పథకం ప్రకారం వస్తాడు. అతనికి ఏ చట్టమూ అడ్డు కాదు. అక్కడ సాయుధ కాపలా తప్పనిసరి. (అక్కడ సైతం 2015లో స్వాత్ ప్రాంతంలో ఒక ఉపాధ్యాయుని తుపాకి పొరపాటున పేలి సొంత విద్యార్థే మరణించాడని మరువరాదు.)

కాని అమెరికా పాఠశాలలలో హంతకుడు తరచుగా బయటివాడు కాడు. ఆ బడిలో చదువుతున్నవాడో, నిన్నటి వరకు చదివినవాడో. కాపలావానిని ప్రతిరోజూ చూసేవాడు, ఏ వాకిలి ఎప్పుడు తెరుస్తారో ఎరిగినవాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు మన పెద్దలు. గేటు వద్ద జవాను బయటికి చూస్తూ నిలబడితే, ప్రమాదం పుస్తకాల సంచిలో అతని పక్కనుండే లోపలికి పోతుంది.

ఆ సంచిలోకి తుపాకి ఎక్కడి నుండి వచ్చింది? అమెరికా సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖ కలిసి 1974 నుండి 2000 వరకు జరిగిన 37 సంఘటనలను పరిశోధించి 2002లో నివేదిక ప్రకటించాయి. నూటికి 68 సందర్భాలలో తుపాకి హంతకుని సొంత ఇంటి నుండో, బంధువుల ఇంటి నుండో వచ్చింది. నూటికి 81 సందర్భాలలో వాని ఉద్దేశం ముందుగానే కనీసం ఒక్కరికైనా, సాధారణంగా తోటి పిల్లలకు, తెలుసు. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూచినపుడు కాపలా వేయవలసింది బడి గేటుకు కాదని, ఇంటి బీరువాకని తేటతెల్లమవుతుంది. 2021 నవంబరులో మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ ఉన్నత పాఠశాలలో నలుగురిని చంపిన 15 ఏళ్ల బాలుని తుపాకి, నాలుగు రోజుల ముందు తండ్రి కొనితెచ్చినదే. 2024లో న్యాయస్థానాలు ఆ తల్లిని, తండ్రిని ఇద్దరినీ దోషులుగా నిర్ణయించి శిక్షించాయి.

కట్టడి వలన ఫలితం ఉంటుందా అన్నవారికి బ్రిటన్ సమాధానం చెబుతుంది. 1996 మార్చి 13న స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ ప్రాథమిక పాఠశాలలో 16 మంది పసివారిని, వారి ఉపాధ్యాయినిని ఒక వ్యక్తి లైసెన్సు గల పిస్తోళ్లతోనే చంపాడు. తల్లిదండ్రులు ఉద్యమించారు; సుమారు ఏడు లక్షల మంది సంతకాలు చేశారు. 1997లో పార్లమెంటు రెండు చట్టాల ద్వారా ప్రజల చేతులలో పిస్తోళ్లను దాదాపు పూర్తిగా నిషేధించింది. ఆ తరువాత అటువంటి సామూహిక హత్యాకాండ ఆ దేశపు పాఠశాలలో మరొకటి జరుగలేదు. 2010లో కంబ్రియాలో, 2021లో ప్లిమత్‌లో వీధులలో కాల్పులు జరిగిన మాట నిజమే. చట్టం మంత్రదండం కాదు. అమలు చేసే అధికారి ఏమరుపాటు చట్టాన్ని గుల్ల చేస్తుంది.

బ్రిటన్ మందు అమెరికా రోగానికి పనిచేయదనే ఆక్షేపణ ఒకటున్నది. దానిలో సత్యం లేకపోలేదు. 2017 నాటి అంచనా ప్రకారం అమెరికా ప్రజల వద్ద 39 కోట్లకు పైగా తుపాకులున్నాయి. నూరు మందికి 120 వంతున. ఆయుధం ధరించే హక్కును 1791 నాటి రాజ్యాంగ సవరణ రక్షిస్తున్నది. అది వ్యక్తిగత హక్కేనని 2008లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. అన్నింటినీ తొలగించడం సాధ్యం కాదు. కాని కట్టడి అంటే తొలగింపు ఒక్కటే కాదు. లైసెన్సు గల వర్తకుడు పిస్తోలు అమ్మడానికి కొనేవానికి 21 ఏళ్లు నిండాలనే సమాఖ్య చట్టం, రైఫిలుకు 18 చాలునంటుంది. యువాల్డి హంతకుడు పద్దెనిమిది నిండిన కొద్ది రోజులకే రెండు రైఫిళ్లు కొన్నాడు. పార్క్‌లాండ్ అనంతరం ఫ్లోరిడా రాష్ట్రం ఈ వయస్సును 21కి పెంచింది. ప్రమాదకరమైన వ్యక్తి నుండి న్యాయస్థానం ఆజ్ఞతో తాత్కాలికంగా ఆయుధం స్వాధీనం చేసుకునే వీలు కల్పించింది. వయస్సు, రికార్డుల తనిఖీ, ఇంట్లో తాళం: ఈ మూడూ హక్కును హరించవు, ఆవేశానికీ ఆయుధానికీ నడుమ కొంత దూరాన్ని మాత్రం కల్పిస్తాయి.

సాయుధ కాపలాకు మరొక మూల్యం కూడా కలదు. అల్పసంఖ్యాక విద్యాసంస్థకు చెందిన మనం దానిని ప్రత్యేకంగా గుర్తించాలి. 2015-16 విద్యా సంవత్సరంలో అమెరికా పాఠశాలలలో నల్లజాతి విద్యార్థులు నూటికి 15 మంది. పోలీసులకు అప్పగింపబడినవారిలో, అరెస్టయినవారిలో మాత్రం నూటికి 31 మంది. రక్షణకని వచ్చిన తుపాకి నీడ అందరి మీదా సమానంగా పడదు.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే తుపాకి ఉండరాదంటుంది. పోలీసుల విచారణ లేనిదే లైసెన్సు రాదు. ఈ చట్టం విలువను మనం తరచుగా గుర్తించము. అయినా 2007 డిసెంబరులో గుర్‌గావ్‌లోని ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలుని ఇద్దరు సహవిద్యార్థులు కాల్చి చంపారు. పిస్తోలు వారిలో ఒకని తండ్రిది. ఆ ఒక్క బీరువాకు సరియైన తాళం ఉండి ఉంటే ఒక ఇంటి దీపం ఆరి ఉండేది కాదు.

కనుక నా అభిప్రాయం ఇది. సాయుధ రక్షకుడు విద్యాలయానికి చివరి కంచె కావచ్చును గాని మొదటి కంచె కాజాలడు. మొదటి కంచె చట్టం. రెండవది ఇంటి పెద్ద బాధ్యత. మూడవది తోటి విద్యార్థి మాట. నూటికి 81 సందర్భాలలో ఎవరో ఒకరికి ముందే తెలుసునన్న అంకెను విద్యార్థి మిత్రులు మనసున నిలుపుకొందురు గాక. సహాధ్యాయి నోట హింస మాట వినిపించినపుడు, అతడు అందరికీ దూరమై ముభావంగా మారినపుడు, ఆ సంగతి అధ్యాపకుని చెవిన వేయడం చాడీ కాదు; అది ఇరువురి ప్రాణరక్షణ. ఆ మాట చెప్పడానికి వచ్చిన విద్యార్థిని కసరక, హేళన చేయక వినే ఒక అధ్యాపకుని ప్రతి కళాశాలలోనూ నియమించవలసిన బాధ్యత కమిటీ పెద్దలది. గేటుకు కొత్త తాళం కొనే ముందు ఈ ఏర్పాటు గురించి యోచించవలసిందిగా వారికి నా సవినయ విజ్ఞప్తి.