స్త్రీల పరీక్ష స్త్రీల చేతిలో

విశాఖపట్టణమున 1933లో ఓడరేవు తెరవబడినది; 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైనది. ఆ కర్మాగారమునకు చేరువనే, అగనంపూడిలో, హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి నెలకొన్నది. ఇన్ని యుండియు, ఎగువనున్న పాడేరు, చింతపల్లి కొండపల్లెల స్త్రీకి గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్ వచ్చినయెడల, అది ముదిరిన పిమ్మట గాని బయటపడకుండుట కెవ్వరు బాధ్యులు?

2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారము మన దేశమున ఆ యేట 1,27,000 మందికి పైగా స్త్రీలకు ఈ వ్యాధి కలిగెను. సుమారు 80,000 మంది మరణించిరి. 30 దాటిన స్త్రీల కందరికి అయిదేండ్ల కొకసారి పరీక్ష జరుగవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించెను. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఎన్నడైనను ఈ పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనను లేరు. దూరము, పోవు దినపు కూలి, పరుల యెదుట శరీరము చూపవలసిన సిగ్గు, ఇవియే ఆమెకు అడ్డుగోడలు.

ఈ వ్యాధికి మూలము హెచ్.పి.వి. యను వైరస్. దానిని కనుగొన్న హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించెను. సోకినవారిలో అనేకులకు అది తనంతట తొలగిపోవును. కొందరిలో మాత్రము నిలిచి, అనేక సంవత్సరములకు క్యాన్సరుగా మారును. ఆ నడిమి కాలమే మనకు దొరకిన గడువు. స్త్రీ తన యింట తలుపు వేసికొని, మెత్తని చిన్న కుంచెను యోనిలో మెల్లగా త్రిప్పి, గొట్టములో నుంచి యిచ్చిన చాలును. వైరస్ ఉన్నదో లేదో తెలియును. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతి నంగీకరించినది. కొండదారిని రోగిని డోలీలో మోయవలెను. ఈ గొట్టము ఆశా కార్యకర్త సంచిలో ఇముడును.

పల్లె స్త్రీకి ఇది చేతకాదని కొందరందురు. హైదరాబాదు చెంత మేడ్చల్ గ్రామములలో స్త్రీలు స్వయముగా తీసిన నమూనాలను వైద్యులు తీసిన వానితో పోల్చగా, ఫలితములు చాలవరకు ఏకీభవించినవని 2009లో ప్రకటింపబడెను. మేడ్చల్ స్త్రీకి చేతనైనది మాడుగుల స్త్రీకి చేతకాదా? బాధ లేనిదే పరీక్ష యేలనందురు మరికొందరు. మహారాష్ట్రమున ఉస్మానాబాదు జిల్లాలో ఒక్కమారు జరిపిన హెచ్.పి.వి. పరీక్షవలన ఈ వ్యాధి మరణములు దాదాపు సగమునకు తగ్గెనని 2009లోనే తేలినది. బాధ కలుగువరకు వేచియుండుట వివేకము కాదు.

మూడవ యాక్షేపణము నీచమైనది: వైరస్ సంపర్కమువలన సోకును గనుక ఈ పరీక్ష స్త్రీ శీలమునకు పరీక్షయట! వైరస్ ఏండ్ల తరబడి దాగియుండగలదు; ఎప్పుడు వచ్చెనో, ఎవరివలన వచ్చెనో ఏ పరీక్షయు చెప్పజాలదు. భర్తవలన వచ్చినదానికి భార్యను నిలదీయు న్యాయము మన యిండ్లలోనే పుట్టినది. మనమే దానిని మాన్పవలెను.

అయినను, నమూనా తీసికొని ఫలితము చెప్పకుండుట, ఫలితము చెప్పి చికిత్స చూపకుండుట వంచనయే యగును. వైరస్ కనబడిన స్త్రీని పిలిచి చూచి, అవసరమైనచో పుండు కాకముందే ఆ భాగమును వేడితో మాడ్చు చిన్న పరికరములు బ్యాటరీతో పనిచేయునవి కలవు. అవి కొండకు వెళ్లవలెను. 2020లో కోవిడ్ పరీక్షాసామగ్రి తయారుచేసిన మెడ్‌టెక్ జోన్ ఈ నగరముననే యున్నది. మగవాని ప్రాణమునకును భయము కలిగిననాడు నెలలలో జిల్లా జిల్లాకు పరీక్షాగారములు వెలసినవి; స్త్రీ ప్రాణమునకు మాత్రము ధనము లేదందుమా?

చదువరులారా! ప్రభుత్వము నడుగుట మన విధి. కాని మొదటి పని మన గడపలోపలనే యున్నది. 30 దాటిన మీ ఇల్లాలితోను, మీ ఇంట పనిచేయు స్త్రీతోను ఈ మాట నేడే చెప్పుడు. అనుమతి యిచ్చుటకు కాదు, అడ్డు తొలగుటకు.